బల్ల కింద మరక

అక్టోబర్ 9, 2017, సోమవారం

ఈ వ్యవహారం గురించి ఎక్కడా ఏమీ రాయొద్దని లాయరమ్మ చెప్పింది. ఉత్తరాలు వద్దు, చీటీలు వద్దు, కాగితం మీద పెట్టామంటే అవతలివాళ్ళు అడిగి పుచ్చుకోవచ్చట. కాబట్టి ఇది ఆ వ్యవహారం గురించి కాదు. ఇవాళ ఎండ బాగా కాసింది. మా ఆయన నార్బ్ పెరట్లో ఆకులు ఊడ్చాడు. నేను ఆపిల్ పళ్ళు ఉడకబెట్టి ముద్ద చేశాను.

ఇంతటితో మూసేద్దామనుకున్నాను. కుదరలేదు. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం సహించదు.

మా డ్రైక్లీనింగ్ షాపు మూసేసి రెండేళ్ళయింది. కాఫీ హోటల్ పెట్టుకుంటానని ఒక అమ్మాయి వచ్చింది, బేరం కుదిరింది, చేతులు కలుపుకున్నాం. బ్యాంకువాళ్ళు మట్టి పరీక్ష చేస్తే గానీ అప్పు ఇవ్వమన్నారు. చేస్తే ఏం తేలింది? నలభై ఏళ్ళకి పైగా మేం బట్టలు ఉతికిన పెర్క్ మందు నేలలో ఉందని తేలింది. మా నేలలోనే ఉంటే మా ఖర్మ అనుకుందుం. కంచె దాటి మా చెల్లెలు లవాన్ ఇంటి కిందకి పోయింది. దాని బేస్‌మెంట్‌లో గాలి పీల్చడానికి లేదన్నారు. అది రోజంతా దుప్పట్లు కుట్టుకునేది ఆ బేస్‌మెంట్‌లోనే. ఇప్పుడు ఇల్లు తాళం వేసి కూతురు దగ్గరికి పోయింది. వెళ్తూ నాతో మాట్లాడలేదు.

శుభ్రం చెయ్యడానికి ఎంతవుతుందో రాష్ట్రంవాళ్ళు రాసి పంపారు. ఆ అంకె నేను ఇక్కడ వెయ్యను. మా షాపు అమ్మినా, మేం కాపురముంటున్న ఈ పై అంతస్తు అమ్మినా, మమ్మల్ని అమ్మినా సరిపోదు.

అక్టోబర్ 12

వాన. లవాన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

అక్టోబర్ 17

లాయరమ్మ వచ్చింది. పేరు కేట్ ప్రుసాక్, మాకో అమ్మాయి ఉండి ఉంటే ఆ వయసే. ఉన్ని కోటు వేసుకుంది, ఎడమ జేబు కింద ఆవాల ముద్ద మరక. వచ్చిన దగ్గర్నుంచీ నా కళ్ళు అక్కడే. విప్పి ఇమ్మని అడిగాను. ఆమె మాట్లాడినంతసేపూ నేను సింకు దగ్గర నిలబడి ఆ మరక తీస్తూ విన్నాను, అందుకని సగమే అర్థమైంది.

ఆ సగం ఇది. అరవైల్లో, డెబ్భైల్లో మా షాపుకి ఇన్స్యూరెన్స్ ఉండేది కదా, ఆ పాలసీలు కావాలట. నేను నవ్వాను. గడువు తీరి నలభై ఏళ్ళయిన పాలసీ దేనికి? తీరలేదంటుంది ఆమె. అప్పటి కాలంలో జరిగిన నష్టం ఇప్పుడు బయటపడినా అప్పటి పాలసీయే కట్టాలట. ఇప్పటి పాలసీలన్నీ కాలుష్యం అనగానే తలుపు వేసేస్తాయి, పాతవాటికి ఆ తెలివి లేదట. “అవి చచ్చిపోలేదండీ, నిద్రపోతున్నాయి. మనం లేపాలి,” అంది.

మరి అవి ఎక్కడున్నాయి అంది. ఎక్కడుంటాయి, నేనే కాల్చేశాను. ప్రతి జనవరిలో కొత్త పాలసీ వచ్చేది, పాతదాన్ని నార్బ్ నా చేతికిచ్చేవాడు, పెరట్లో పీపాలో వేసి నిప్పు పెట్టేదాన్ని. తీరిపోయిన కాగితాలు దాచుకునే ఇల్లు కాదు మాది. కేట్ నా మొహంకేసి చూసి కోటు తీసుకుంది. మరక పోయింది కదా అన్నాను. పోయింది, థాంక్స్ అంది.

కంపెనీ పేరైనా గుర్తుందా అని అడిగింది. ఏజెంటు క్లారెన్స్ గుర్తున్నాడు, అతని బట్టతల గుర్తుంది, అతని భార్యకి పట్టు జాకెట్లంటే ఎంత మోజో గుర్తుంది. కంపెనీ పేరు మాత్రం నాలుక చివరికి కూడా రాలేదు. క్లారెన్స్ పోయి పాతికేళ్ళయింది. కంపెనీ పేరు లేకపోతే ఏ తలుపు కొట్టాలో తెలియదట.

అక్టోబర్ 19

అటక, గరాజు, ట్రంకు పెట్టెలు అన్నీ చూశాం. నార్బ్‌ని అడిగితే “నదేదో... ఏదో నది పేరు,” అంటాడు. ఈ రాష్ట్రంలో ఎన్ని నదులో ఆయనకే తెలియాలి.

అక్టోబర్ 26

ఇవాళ్టి సంగతి రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

కేట్ మళ్ళీ వచ్చింది. నార్బ్ నిచ్చెనెక్కి చూరు కాలవల్లో ఆకులు తీస్తున్నాడు. నేను ఆమెతో మాట్లాడుతున్నాను, ఆమె నా భుజం మీదుగా పైకి చూస్తోంది. చూసి చూసి “ఆయన వీపు మీద ఏం రాసుంది?” అంది.

ఆయన పాత బౌలింగ్ జట్టు చొక్కా అది. మురికి పనులకి వాడుకునేది. వీపు మీద పసుపు దారంతో కెటిల్ రివర్ మ్యూచువల్ అని ఎంత పెద్ద అక్షరాలు. నేను ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికానో దేవుడికే తెలియాలి. అక్షరాల్లో దారం ఊడితే కుట్టింది కూడా నేనే. చదివింది మాత్రం ఎప్పుడూ లేదు.

క్లారెన్స్ తన కంపెనీ పేరు మీద ఆ జట్టుకి డబ్బు పెట్టేవాడు. తన దగ్గర పాలసీ ఉన్నవాళ్ళనే ఆడనిచ్చేవాడు. రొట్టెల షాపు హెర్మన్ పాలసీ మార్చుకున్నాడని ఆ సీజన్ మధ్యలోనే చొక్కా విప్పించేశాడు, ఊరంతా ఒక నెల అదే మాట. కేట్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నార్బ్‌ని నిచ్చెన దింపించి, చెయ్యెత్తించి, భుజం మీద పట్టీలు చూసింది. ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక పట్టీ, దాని మీద ఆ ఏటి అంకె. అరవై తొమ్మిది నుంచి డెబ్భై ఆరు దాకా ఒక్కటి కూడా తప్పలేదు.

చొక్కా ఇప్పించండి అంది. నార్బ్ లోపలికెళ్ళి బనీనుతో వచ్చాడు. ఉతికి ఇస్తానన్నాను. వద్దు వద్దు అని రెండు చేతులూ అడ్డం పెట్టింది ఆ పిల్ల.

నవంబర్ 3, శుక్రవారం

చేపల వేపుడు తినడానికి క్లబ్బుకి వెళ్ళాం. యాభై ఏళ్ళుగా మా నలుగురిదీ అదే బల్ల. మూడేళ్ళ క్రితం లవాన్ మొగుడు యూజీన్ పోయాక ముగ్గురం అయ్యాం. ఇవాళ ఇద్దరం.

యూజీన్ ఉన్నన్నాళ్ళూ శుక్రవారం బిల్లు మా నార్బ్‌ని కట్టనిచ్చేవాడు కాదు. బ్రాందీ కూడా తనే పోయించేవాడు. లారీ డ్రైవరు జీతం ఏపాటిది, అయినా అంత ధారాళమైన చెయ్యి. మా ఇద్దరి మొగుళ్ళూ పేరుకి తోడల్లుళ్ళు గానీ, అన్నదమ్ముల కన్నా ఎక్కువ. పేకాటలో మాత్రం ఇద్దరూ ఇద్దరే దొంగలు.

నార్బ్ ఇవాళ సగం చేప వదిలేశాడు. ఏంటని అడిగితే ఉప్పెక్కువన్నాడు. నాకేం ఎక్కువనిపించలేదు.

నవంబర్ 14

కంపెనీ దొరికింది. వేరే ఏదో కంపెనీ దాన్ని మింగేసిందట, దాన్ని ఇంకోటి మింగిందట, అయినా పాత కాగితాలు ఫోటో తీసిన ఫిల్ములు ఒక గిడ్డంగిలో ఉన్నాయట. మా పేరు ఉంది. మా పాలసీలు ఉన్నాయి. నేను కాల్చినవాటికి నకళ్ళు.

సంతోషించడానికి ఒక పూట కూడా ఇవ్వలేదు కేట్. ఆ పాలసీలు మా సొంత స్థలం శుభ్రం చేసుకోవడానికి కట్టవట. మావల్ల వేరేవాళ్ళ ఆస్తికి నష్టం జరిగితే, ఆ వేరేవాళ్ళు మా మీద దావా వేస్తే, అప్పుడు కడతాయట. వేరేవాళ్ళెవరు? లవాన్.

అంటే మా చెల్లెలు నా మీద కోర్టుకెక్కాలి. ఎక్కితే మాకు మేలు. ఎక్కకపోతే ఇద్దరం మునుగుతాం. అది నాతో మాట్లాడటం లేదు కాబట్టి నేనే వెళ్ళి, నా మీద దావా వెయ్యవే అని బతిమాలాలి. లాయర్ల భాషలో చెప్పలేదు, నాకు అర్థమయ్యే మాటల్లోనే చెప్పింది. అయినా మూడుసార్లు అడిగాను.

నవంబర్ 15

వెళ్ళాను. లవాన్ ఉంటున్న వాళ్ళమ్మాయి ఇంటికి చీజ్, సాసేజ్ పట్టుకెళ్ళాను. తలుపు తీసి “రండి మిసెస్ వెండ్‌లాండ్, కూర్చోండి,” అంది. పుట్టిన దగ్గర్నుంచీ అక్కా అని పిలిచిన నోరు.

చెప్పాను. తలా తోకా లేకుండా చెప్పుంటాను. నా మీద దావా వెయ్యి, తిట్టించు, నష్టపరిహారం అడుగు, మాకేం కాదు అన్నాను. అది కుట్టుపని కింద పెట్టలేదు. “నా ఇల్లు విషం చేశావు. ఇప్పుడు నా చేత నిన్ను కోర్టుకి ఈడ్పించి, ఊళ్ళో నేనే రాక్షసిని అనిపిస్తావు. బాగుంది నీ తెలివి,” అంది. నేను చెయ్యలేదే, ఎలా అయిందో మాకే తెలియదు అన్నాను. అప్పుడు తలెత్తి నాకేసి చూసింది. “నీకు తెలియదు,” అంది. అడుగుతున్నట్టు లేదు, తిడుతున్నట్టూ లేదు. నాకు ఒళ్ళు మండింది. తెలియదంటే నమ్మవా అని లేచి వచ్చేశాను.

సాసేజ్ వెనక్కి పట్టుకొచ్చేశాను. దారిలో చూసుకుని సిగ్గేసింది.

నవంబర్ 23, థాంక్స్‌గివింగ్

టర్కీ చాలా పెద్దదైపోయింది.

డిసెంబర్ 8

నోటీసు వచ్చింది. లవాన్ రైట్‌మైర్, వాది. మార్లిస్ మరియు నార్బర్ట్ వెండ్‌లాండ్, ప్రతివాదులు. దావా వేసింది. కేట్ ఫోన్‌లో అభినందనలు చెప్పినంత పని చేసింది. నార్బ్ అది చదివి మడిచి బ్రెడ్ డబ్బా మీద పెట్టాడు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. సాయం చేసినందుకు ఏడ్చానో, ప్రతివాది అని నా పేరు చూసి ఏడ్చానో చెప్పలేను.

జనవరి 11, 2018

కొత్త తలనొప్పి. పాలసీలో ఒక వాక్యం ఉందట. కాలుష్యానికి కట్టం, కానీ అది ‘హఠాత్తుగా, ప్రమాదవశాత్తూ’ జరిగితే కడతాం అని. అరవైల నాటి పాలసీలో ఈ గొడవ లేదు, డెబ్భై మూడు నుంచి చేర్చారు. మట్టి పరీక్ష చేసినవాళ్ళేమో, ఏళ్ళ తరబడి చుక్కలు చుక్కలుగా కారిన తీరు కాదు, ఒకేచోట ఒకేసారి బోలెడంత పోసినట్టుంది అంటున్నారు. ట్యాంకు కొత్తగా పెట్టించింది డెబ్భై మూడు చివర్లో, కాబట్టి ఆ తర్వాతే. అలా ఒకేసారి పొర్లిందని ఎవరైనా చెబితే కంపెనీ కట్టి తీరాలి. ఎవరూ చెప్పకపోతే, మేం రోజూ కావాలనే పెరట్లో పారబోశామని వాదిస్తారు, పైసా రాదు.

“ఎప్పుడైనా ఒలికిందా?” అని కేట్ నార్బ్‌ని అడిగింది.

“నా చేత్తో ఒక్క చుక్క ఒలకబొయ్యలేదు,” అన్నాడు.

ఆయన సంగతి నాకు తెలుసు. షాపు నేల మీద అన్నం తినొచ్చు, అంత శుభ్రం. నూనె డబ్బా పెట్టినా కింద కాగితం పరుస్తాడు. అలాంటి మనిషిని ఒలకబోశావా అంటే రోషం రాదా మరి. కేట్‌కి అదే చెప్పాను. ఆమె పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది.

హఠాత్తుగా. ఈ మాట ఇవాళంతా నోట్లో తిరుగుతోంది. హఠాత్తుగా బ్యాంకువాళ్ళు తవ్వారు, హఠాత్తుగా చెల్లెలు పోయింది. మా ఇంట్లో అన్నీ హఠాత్తుగానే జరుగుతున్నాయి, కావలసిన ఒక్కటి తప్ప.

జనవరి 30

మట్టి పటం చూపించారు. ఎరుపు ఎక్కడ ముదిరితే అక్కడ పెర్క్ ఎక్కువ. అన్నిటికన్నా ముదురు ఎరుపు మా పెరట్లో పిక్నిక్ బల్ల కింద. మందు ట్యాంకు నింపే గొట్టం ఆ పక్కనే ఉండేది.

ఆ చోటే ఒకప్పుడు తారు మెత్తబడి గుంట పడింది. ఎండకి అన్నాడు నార్బ్. తనే సిమెంటు కలిపి పలక పోసి, దాని మీద బల్ల వేశాడు. వేసవి వస్తే అక్కడే సాసేజ్‌లు కాల్చుకుని తినేవాళ్ళం, నలుగురం, పిల్లలు. విషం మీద కూర్చుని తిన్నామన్నమాట. యూజీన్ ఒక్కడే కూర్చునేవాడు కాదు, పళ్ళెం పట్టుకుని కంచెకి ఆనుకుని నిలబడి తినేవాడు. డ్రైవర్లకి కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తుంది కాబోలు.

ఎండ చాలా ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లో. తారు కరిగినా కరుగుతుంది.

ఫిబ్రవరి 13

నార్బ్‌తో పోట్లాట. వాంగ్మూలం దగ్గర పడుతోంది. అబద్ధం ఆడమని కాదు, ఆలోచించు, గుర్తు తెచ్చుకో అని కేట్ నెమ్మదిగా చెప్పింది. ఆమె వెళ్ళాక నేను నెమ్మదిగా చెప్పలేదు. “ఈ పంతంతో దాని ఇల్లు పోతుంది, మనిల్లు పోతుంది. ఒలికింది అని ఒక్క ముక్క అంటే నీ కిరీటం పడిపోతుందా?” అన్నాను.

“నా చేత్తో ఒలకబొయ్యలేదు మార్లిస్. నన్ను అడగొద్దు.”

నన్ను అడగొద్దు అట. ఇంకెవర్ని అడగాలి? ఆ షాపులో ఉన్నది మేమిద్దరం. నేను ముందు గదిలో మరకలు తీసేదాన్ని, ఆయన వెనక యంత్రం చూసేవాడు. వెనక ఏం జరిగిందో యంత్రాన్ని అడగనా?

ఆయన వెళ్ళి మంచు తవ్వాడు. ఇవాళ మంచు కురవలేదు.

మార్చి 6

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

కేట్ ఆఫీసులో పెద్ద బల్ల. ఒకవైపు మేం. ఎదురుగా కంపెనీ లాయరు, మిల్వాకీ నుంచి వచ్చాడు, నీలం సూటు, మోచేతుల దగ్గర ఇస్త్రీ మెరుపు, ఎవడో పనికిమాలినవాడు ఆవిరి పెట్టకుండా తోమేశాడు. ఆ చివర లవాన్, దాని లాయరు. లవాన్ చర్చికి కట్టుకెళ్ళే గౌను వేసుకుంది. నాకేసి చూడలేదు.

ఉదయమంతా నార్బ్‌ని అడిగారు. ఏ యంత్రం, ఏ మందు, ఎవరు పంపేవారు, ఎంత తరచుగా. అన్నిటికీ చక్కగా చెప్పాడు. అప్పుడు నీలం సూటు కళ్ళజోడు తీసి అడిగాడు, మీరు ఎప్పుడైనా ఆ మందు నేల మీద ఒలకబోశారా అని.

“నా చేత్తో ఒక్క చుక్క ఒలకబొయ్యలేదు.”

నీలం సూటు మొహం వెలిగిపోయింది. ఇంకేం అడగలేదు, కాగితాలు సర్దుకున్నాడు. కేట్ కళ్ళు మూసుకుంది. నేను నార్బ్‌కేసి చూశాను. ఆయన బల్ల చెక్క మీద గీతలు చూస్తున్నాడు. వేలితో వాటి వెంటే గీస్తున్నాడు. గెలిచినవాడు అలా కూర్చోడని నాకు తట్టింది, కానీ ఆ ముక్క పట్టుకుని ఏం చెయ్యాలో తెలియలేదు.

మధ్యాహ్నం లవాన్ వంతు. ఎప్పుడు కొన్నారు ఇల్లు, బేస్‌మెంట్‌లో ఏం చేస్తారు లాంటివి అడిగారు. దాని లాయరు చివర్లో, పక్క స్థలంలో ఎప్పుడైనా అసాధారణంగా ఏమైనా చూశారా అన్నాడు. ఊరికే అడగాలి కాబట్టి అడిగినట్టు అడిగాడు. లవాన్ చేతిసంచీ మూతి బిగించింది.

“చూశాను. డెబ్భై నాలుగు, జూలై. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. మా ఆయన మందు లారీ తెచ్చి ట్యాంకుకి గొట్టం పెట్టాడు. నేను కడుపుతో ఉన్నాను, ముందు రోజు రాత్రంతా వాంతులు, ఆయనకి నిద్ర లేదు. లారీలో కూర్చుని కునుకు తీశాడు. ట్యాంకు నిండిపోయింది. మందు వాగులా పారింది.”

టైపు కొట్టే అమ్మాయి చేతులు టకటకా ఆడుతున్నాయి.

“మా బావ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి కట్టేశాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు. రంపప్పొట్టు తెచ్చి చల్లి, ఇద్దరూ ఊడ్చారు. గాలికి ఆరిపోతుందనుకున్నారు, అప్పుడందరూ అలాగే అనుకునేవాళ్ళు. మందు పంపే కంపెనీకి తెలిస్తే మా ఆయన ఉద్యోగం పోయేది. అందుకని బావ ఎవరికీ చెప్పలేదు.”

నార్బ్ గొంతు నేనే గుర్తు పట్టలేనంత చిన్నగా వచ్చింది. “నువ్వు చూశావా?”

“చూశాను బావా. దుప్పటి వెనక నిలబడ్డాను. మా ఆయనతో కూడా అనలేదు.”

నీలం సూటు తేరుకుని లేచాడు. మరి మీ భర్తతో ఎప్పుడూ ఎందుకు అనలేదు అన్నాడు, నమ్మనట్టు.

“నేను చూశానని తెలిస్తే ఆయన మళ్ళీ నా ముందు తలెత్తుకుని భోంచేసేవాడు కాదు.”

ఇది హఠాత్తుగా జరిగిందని మీ ఉద్దేశమా అన్నాడు. ఆ మాట అతను ఎందుకు అడిగాడో, అడిగి తన కాలు తనే ఎందుకు నరుక్కున్నాడో తెలియదు. లవాన్ అతనికేసి జాలిగా చూసింది.

“నిద్రపోయేవాడికి ఏదొచ్చినా హఠాత్తుగానే వస్తుంది బాబూ.”

తర్వాత నార్బ్‌ని మళ్ళీ కూర్చోబెట్టారు. ఉదయం ఒకటి చెప్పి ఇప్పుడు ఒకటి చెబుతారా అన్నాడు నీలం సూటు. మీరు నన్ను ఒలకబోశావా అని అడిగారు, నేను ఒలకబొయ్యలేదు, యూజీన్ ఒలకబోశాడు, అది మీరు అడగలేదు అన్నాడు నార్బ్. అని, రుమాలు తీసి మొహం మొత్తం తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక కేట్ నన్ను కావలించుకుంది. నార్బ్, లవాన్ కారు దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన దాని భుజం తడుతున్నాడు. అది నవ్వుతోంది, ఏడుస్తోంది. నార్బ్ ఎవరికీ చెప్పడని యూజీన్‌కి తెలుసు. నార్బ్‌కి యూజీన్ సంగతి తెలుసు. లవాన్‌కి ఇద్దరి సంగతీ తెలుసు. నేను ఫుట్‌పాత్ మీద నా సంచీ, నార్బ్ టోపీ పట్టుకుని నిలబడ్డాను.

మార్చి 7

ఆయనతో మాట్లాడలేదు. కోపం ఎందుకో ముందు నాకు తెలిస్తే కదా.

మార్చి 19

నా చేత్తో, నా చేత్తో అని ఎన్నిసార్లన్నాడు. నేను ఇక్కడ ఎన్నిసార్లు రాశాను. రాసినదాన్ని కూడా నేను చదవనన్నమాట.

ఏప్రిల్ 20

కంపెనీ ఒప్పుకుంది. అంతా కాదు, చాలినంత. లవాన్ ఇంటికీ, మళ్ళీ అటు పారకుండా మా పెరడు తవ్వించడానికీ సరిపోతుంది. కాఫీ హోటల్ అమ్మాయి ఇంకా ఆగే ఉంది. ఇకమీద మీ ఇష్టం వచ్చినంత రాసుకోవచ్చు అంది కేట్. ఇప్పుడు రాయడానికి నా దగ్గర ఏముందని.

మే 26, శనివారం

పలక పగలగొట్టారు. బల్ల తీసుకెళ్ళి లవాన్ పెరట్లో వేశారు. తవ్వే యంత్రానికి రెండు రోజులు సెలవు, గుంట చుట్టూ పసుపు తాడు కట్టారు. గుంటలో మట్టి మామూలు మట్టిలాగే ఉంది. ఏదైనా రంగు ఉంటుందేమో అనుకున్నాను.

లవాన్ పెరట్లో నార్బ్ సాసేజ్‌లు కాలుస్తుంటే పక్కన నిలబడి అడిగాను, రెండు నెలలుగా అడగనిది. నాకెందుకు చెప్పలేదు? యూజీన్‌కి మాటిచ్చావు సరే. అతను పోయాక మూడేళ్ళున్నాయి కదా. ఇల్లు పోతున్నా, నేను నీ మీద అరుస్తున్నా, ఎందుకు చెప్పలేదు?

ఆయన సాసేజ్‌లు తిప్పుతూనే ఉన్నాడు. “నీకు మరక చూపిస్తే వదులుతావా మార్లిస్? వాడు కనిపించినప్పుడల్లా దాన్ని రుద్దేదానివి.”

కాదని చెప్పబోయాను. నేను మంచి పనిదాన్ని. ఈ ఊళ్ళో నేను తియ్యని మరక లేదు. అది గొప్పే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మాట ఆయన కోపంగా అనలేదు, అదే నాకు ఎక్కడో గుచ్చుకుంది. మా ఆయన, మా మరిది, మా చెల్లెలు, ముగ్గురూ వేరువేరుగా కూర్చుని, నాకు చెప్పకపోవడమే మంచిదని ఒకే నిర్ణయానికి వచ్చారు. ఒకరితో ఒకరు అనుకోకుండానే.

ప్రతి వేసవీ నేను యూజీన్‌ని సాధించేదాన్ని. కూర్చుని తినవయ్యా, నిలబడి తింటే వండినవాళ్ళకి అవమానం అనేదాన్ని. అందరి ముందూ. అతను నవ్వేసి కంచెకి ఆనుకునేవాడు. ఆ బల్ల కింద ఏముందో తెలిసిన ఇద్దరు నా పక్కనే కూర్చుని పళ్ళేల్లోకి చూసుకునేవాళ్ళు. నేను మళ్ళీ ఏడు మళ్ళీ అనేదాన్ని.

లవాన్ బంగాళాదుంపల సలాడ్ తెచ్చింది. ముగ్గురికీ పళ్ళేలు పెట్టింది. ఇద్దరూ కూర్చున్నారు. నేను నా పళ్ళెం తీసుకుని కంచె దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, కాళ్ళు అటు నడిచాయి. అక్కడ కంచె పై కర్ర నున్నగా ఉంది, మనిషి ఆనుకుని ఆనుకుని అరిగినట్టు.

“ఏంటక్కా అక్కడ, కూర్చుని తిను, నిలబడి తింటే...” అంది లవాన్. అని, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయింది.

నార్బ్ బల్ల మీద కొంచెం పక్కకి జరిగాడు, నాకు చోటు ఇస్తూ. నేను నిలబడే తిన్నాను.